గండ్రగొడ్డలి కేక

అద్దానికి అవతల అతను మళ్లీ ఊపిరి పీల్చుకున్నాడు. ఇవతల అక్క వేళ్లు రికార్డింగు కన్సోల్ మీద బిగుసుకున్నాయి. వెనక సోఫాలో తమ్ముడు మోకాలు ఆడించడం ఆపేశాడు.

కేక మొదలైంది. అడుగున బాగానే మొదలైంది. మెట్లెక్కుతున్నట్టు పైపైకి పోయింది. పోయి పోయి, సరిగ్గా ఎక్కడ విచ్చుకోవాలో అక్కడ పుటుక్కున తెగింది. ఆ తర్వాత వచ్చింది దగ్గు.

"ఇంకొక్కటి," అన్నాడు సింగర్ నీళ్ల సీసా కోసం తడుముకుంటూ. "ఇందాక ఊపిరి కుదరలేదు. ఈసారి చూడండి."

అక్క టాక్‌బ్యాక్ బటన్ మీద వేలుంచింది కానీ నొక్కలేదు. అది నొక్కితేనే ఇక్కడి మాట లోపలికి వినబడుతుంది.

"పొద్దుట్నుంచీ ఇదే వరస," అన్నాడు తమ్ముడు పళ్ల బిగువున. "ఇంకొక్కటి, ఇంకొక్కటి! ఆ ఒక్కటి ఎప్పుడొస్తుందో నువ్వైనా చెప్పక్కా."

"మొహం అలా పెట్టకు. అతనికి కనబడుతుంది."

"కనబడనీ."

అక్క బటన్ నొక్కి, గొంతులో లేని నవ్వు తెచ్చుకుని, "ఇవాళ్టికి చాలండీ. వచ్చే ఆదివారం చూద్దాం," అంది.

సింగర్ హెడ్‌ఫోన్స్ తీసి స్టాండుకు తగిలించాడు. డ్రమ్స్ వెనక కూర్చున్న సుత్తి కిమ్మనకుండా పుల్లలు సంచిలో పెట్టుకున్నాడు. వాగుడుకాయ సుత్తే నోరు మూసుకున్నాడంటే పరిస్థితి ఎలా ఉందో వేరే చెప్పక్కర్లేదు.

గండ్రగొడ్డలి బృందం అంటే ఒకప్పుడు మాటలు కాదు. నడుము దాకా జుట్టు, నల్ల చొక్కాలు, చెవులు చిల్లులు పడే గిటార్లు. పెద్దవాళ్లు ఆ మోత విని "ఇదేం పాటర్రా, రేకుల షెడ్డు కూలినట్టుంది" అనేవారు. పిల్లలు మాత్రం ఆ మోత కోసమే టికెట్ల దగ్గర చొక్కాలు చించుకునేవారు. అన్నిటికీ మించి ఆ కేక. మొదటి క్యాసెట్లో మొదటి పాట మధ్యలో వాయిద్యాలన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. ఆ నిశ్శబ్దంలోంచి సింగర్ గొంతు ఒంటరిగా లేచి, ఇక పగిలిపోతుందనుకున్న చోట పగలకుండా నిలబడుతుంది. దేనికైనా "కేక" అనడం అలవాటైన కుర్రాళ్లు కూడా ఆ అసలు కేక విన్నాక ఏమనాలో తెలియక నోరు తెరుచుకుని ఉండిపోయేవారు.

ఆ రోజు రికార్డింగు మీట నొక్కింది అక్కే. అప్పటికామె ఆ స్టూడియోలో పని నేర్చుకుంటున్న పిల్ల. గిటార్ వాయించేవాడు సొంత తమ్ముడు కనక బృందానికంతటికీ ఆమె అక్కే. సింగర్ ఒక్కడే అలా పిలవలేదు. మరుసటి ఏడు ఆమెను పెళ్లి చేసుకున్నాడు. అక్క మనిషిని కాదు, ఆ కేకను పెళ్లాడిందని సుత్తి ఇప్పటికీ అంటాడు. సుత్తికి ఆ పేరు డ్రమ్ములు బాదినందుకొచ్చింది, ఎదుటివాడి బుర్ర తిన్నందుకు స్థిరపడింది.

చెడిపోవడం మాత్రం ఒక్క సాయంత్రంలో చెడిపోయింది. పెద్ద ప్రోగ్రాం. స్టేజీ వెనక గదిలో బావా బావమరుదులకు మాటామాటా పెరిగింది. పాటలెవరివి, పేరెవరిది అనే గొడవ. సింగర్ అప్పటికే తాగి ఉన్నాడు. వెనక తలుపు తోసుకుని వెళ్లిపోయాడు. తమ్ముడు గిటార్ మెడలో వేసుకుని అంత జనం ముందు ఒక్కడే నిలబడ్డాడు. చెప్పులు పడ్డాయి, సీసాలు పడ్డాయి. బృందం ఆ రోజే విరిగింది. ఇద్దరి మధ్యా నలిగి నలిగి అక్క కాపురం ఇంకొంత కాలానికి విరిగింది. అప్పట్నుంచి తమ్ముడి నోట్లో "బావ" కాస్తా "ఆయన" అయ్యాడు. మొగుడూ పెళ్లాలుగా నువ్వూ నువ్వూ అనుకున్నవాళ్లు విడిపోయాక మీరూ మీరూ అనుకోసాగారు. కూతురి చదువు గురించి, దాని ఉద్యోగం గురించి ఫోన్లో మాట్లాడుకునేటప్పుడు కూడా అంతే.

ఇన్నేళ్లకు ఎవరో కుర్రాళ్లు ఆ పాత పాటను తవ్వి తీసి ఫోన్లలో తిప్పారు. అది చూసి ఒక మ్యూజిక్ కంపెనీ కబురు పెట్టింది. నాలుగు కొత్త పాటలు చేసివ్వండి, మేం విడుదల చేస్తాం, ఒక్కటే షరతు. "ఆ కేక ఉండాలి సర్," అన్నాడు కంపెనీ నుంచి వచ్చిన యువకుడు. "కొత్త పాటలోనే, కానీ అదే కేక. అది లేకపోతే మా పైవాళ్లు ఒప్పుకోరు."

టైల్స్ షోరూంలో మేనేజరుగా ఉన్న తమ్ముడు ఆ రాత్రికి రాత్రే పాట కట్టేశాడు. కారు సొట్టలు తీసే షెడ్డు నడుపుతున్న సుత్తి, ఎలాగూ ఇనుమే కొడుతున్నాను కదా అని వచ్చేశాడు. బేస్ వాయించేవాడు కాలం చేశాడు, ఆ వంతు కూడా తమ్ముడే వాయిస్తానన్నాడు. డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతూ బతుకుతున్న సింగర్ ఒక వారం ఆలోచించి, "మీ అక్క రికార్డు చేస్తే వస్తాను," అన్నాడు.

అలా అందరూ మళ్లీ అక్క స్టూడియోలో చేరారు. బట్టల గోడౌను కింద నేలమాళిగ గది అది. మామూలు రోజుల్లో అక్కడ సబ్బుల ప్రకటనలు, ఫోన్లో "దయచేసి వేచి ఉండండి" అని చెప్పే గొంతులు రికార్డవుతాయి.

సింగర్ వెళ్లిపోయిన చప్పుడు మెట్ల మీద తగ్గాక తమ్ముడు తలుపు దగ్గరగా వేశాడు.

"అక్కా, నీ దగ్గర ఆ సాఫ్ట్‌వేర్ ఉంది కదా."

అక్కకు అర్థమైంది. అర్థం కానట్టు, "ఏది?" అంది.

"అదే, ఆ వేచి ఉండండి ఆవిడకు జలుబు చేస్తే నువ్వు మిషన్లోంచి ఆవిడ గొంతు పుట్టిస్తావే, అది. ఆయన పాత టేపులన్నీ నీ దగ్గరే ఉన్నాయి. దానికి నేర్పించు. కేక అదే వేస్తుంది."

"అది మోసం రా."

"ఎవరి గొంతు? ఆయనదే. ఆయనది తీసి ఆయనకే ఇస్తున్నాం. మోసమేముంది?"

"అయితే అడిగి ఇద్దాం."

"అడిగితే ఒప్పుకుంటాడా? ఆయన రోషం నీకు తెలీదా? మళ్లీ ఆ వెనక తలుపులోంచి వెళ్లిపోతాడు." తమ్ముడి గొంతు ఉన్నట్టుండి పల్చబడింది. "ఆ రోజు జనం ముందు ఒక్కణ్ణే నిలబడ్డానక్కా. ఇప్పటికీ షోరూంలో పదిమంది ఒక్కసారి లోపలికొస్తే నాకు అరచేతులు చెమటలు పడతాయి. ఈ డిజైన్ బాత్రూముకు బావుంటుంది మేడమ్, ఇది వంటింటికి బావుంటుంది మేడమ్ అంటూనే నా బతుకు తెల్లారిపోయింది. నాకీ ఒక్కటీ కావాలి."

"ఊరికే చూస్తాను," అంది అక్క. "చేస్తానని కాదు."

చూసింది. సోమవారం మధ్యాహ్నం, ఒక సబ్బు ప్రకటనకూ ఇంకో సబ్బు ప్రకటనకూ మధ్య దొరికిన ఖాళీలో. పాత టేపుల్లోని గొంతంతా మిషన్ నమిలి మింగింది. కొత్త పాట వరస ఇచ్చి, ఇక్కడ కేక వెయ్యి అంది అక్క. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మీట నొక్కింది.

చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. అదే గొంతు. ఆ పొగరు, ఆ ప్రాణం, పగలబోయే చోట పగలకుండా నిలిచే ఆ మొండితనం. తను పని నేర్చుకుంటున్న పిల్లై, అద్దానికి అవతల ఉన్నవాడిని చూస్తూ మీట మీద వేలు మరిచిపోయిన రోజు ఒక్కసారిగా చెవుల్లోకి దూకింది. మళ్లీ వింది. మళ్లీ వింది. తమ్ముడి కోసం చేస్తున్నాననుకోవడం ఎక్కడ ఆగిపోయిందో ఆమెకే తెలియలేదు. సాయంత్రానికి ఆ కేక పాటలో అతుకు తెలియకుండా కూర్చుంది.

ఆదివారం అందరికీ వినిపించారు. కేక వచ్చేసరికి సుత్తి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నూనె మరకల చొక్కా చేత్తో కళ్లు తుడుచుకుని, "ఒరే, సింహంరా నువ్వు! ముసలి సింహం అనుకున్నాను, కాదు, సింహమే!" అని సింగర్ వీపు మీద ఫెళ్లున కొట్టాడు.

సింగర్ మాత్రం కదల్లేదు. "ఇది... ఏ టేక్?" అన్నాడు.

అక్క నోరు తెరిచేలోపు, "రెండు మూడు టేకులు కలిపాం," అన్నాడు తమ్ముడు.

"నేనే గమనించలేదే." సింగర్ మెల్లగా సోఫాలో కూర్చున్నాడు. నవ్వాడు. ఆ నవ్వు చూసి ఎన్నేళ్లయిందో. "అయితే వచ్చిందన్నమాట. నాకింకా వస్తోందన్నమాట!" ఫోన్ తీసి కూతురికి కలిపాడు. "అమ్మలూ, ఇది విను. నాన్న పాడాడు. ఇది విను," అని ఫోన్ స్పీకరు దగ్గర పట్టుకున్నాడు.

అక్క తిప్పక్కర్లేని మీట ఒకటి తిప్పుతూ కూర్చుంది.

కంపెనీ యువకుడు ఎగిరి గంతేశాడు. "కేక సర్! అంటే, రెండు రకాలుగానూ కేకే!" అన్నాడు. ఆ ఊపులోనే ఇంకో మాట కూడా అన్నాడు. పాట విడుదల నాడు అభిమానుల్ని పిలిచి హాల్లో ప్రోగ్రాం పెడతారట. నెట్లో నేరుగా వస్తుందట. "ఆ కేక లైవ్‌గా పడిందంటే సర్, ఇక తిరుగులేదు."

"లైవ్‌గానా?" అంది అక్క.

"పడుతుంది," అన్నాడు సింగర్.

తమ్ముడు అక్క వైపు చూడలేదు.

ఆ వారం మధ్యలో కూతురు ఫోన్ చేసింది. "అమ్మా, నాన్నకు నువ్వైనా చెప్పు. పొద్దున్నే లేచి అద్దం ముందు నిలబడి అరుస్తున్నారు. పక్కింటివాళ్లొచ్చి తలుపు కొట్టారు. సంతోషంగానే ఉన్నారనుకో, నేనెప్పుడూ అంత సంతోషంగా చూళ్లేదు. కానీ పోయినేడాది గొంతు డాక్టరు చెప్పాడు కదా, బలవంతపెడితే ఉన్న మాట కూడా పోతుందని."

"ఏ డాక్టరు?"

"నీకు చెప్పలేదా? అయ్యో, చెప్పొద్దన్నారేమో. చెప్పేశాను."

అక్క మర్నాడే డ్రైవింగ్ స్కూలుకు వెళ్లింది. సింగర్ ఒక నడివయసు ఆవిడకు కారు నేర్పుతున్నాడు. "రండి, వెనక కూర్చోండి. అరగంటలో అయిపోతుంది," అన్నాడు ఉత్సాహంగా. అక్క వెనక సీట్లో కూర్చుంది.

"క్లచ్ మెల్లగా వదలండమ్మా. మెల్లగా. గుడ్డు మీద కాలు పెట్టినట్టు." అతని గొంతు ఎంత మెత్తగా ఉందంటే, అక్కకు అది వేరే మనిషి గొంతులా వినిపించింది. కూడలి దగ్గర కారు ఆగిపోయింది. వెనక హారన్లు మొదలయ్యాయి. ఆవిడ రెండు చేతులతో స్టీరింగునే పట్టుకుని కూర్చుంది. "ఏం కాదు. వాళ్లు అలాగే మోగిస్తారు. తాళం తిప్పండి," అంటూ అతను అద్దంలోంచి అక్కను చూశాడు. "మీరేదో చెప్పాలని వచ్చారు."

"ఆ కేక గురించి," అంది అక్క.

"నేనూ దాని గురించే చెప్పాలనుకుంటున్నా." కారు ఒక్క కుదుపు కుదిపి కదిలింది. అతని కాలు తన వైపు బ్రేకు మీదే ఉంది. "తాగుడు మానేశాక కూడా నన్ను నేను క్షమించుకోలేదు, తెలుసా. అన్నీ పోగొట్టుకున్నాను కదా, గొంతు కూడా పోయి ఉంటుంది, పోవాలి కూడా అనుకున్నాను. మొన్న విన్నాక... ఒక్కటైనా మిగిలిందనిపించింది. మీ అంత ఓపిగ్గా ఇంకెవరూ తియ్యలేరు దాన్ని. అదే చెప్పాలని."

"లారీ! లారీ!" అంది డ్రైవింగ్ నేర్చుకుంటున్నావిడ.

అతను బ్రేకు తొక్కాడు. దిగేటప్పుడు అక్క, "గొంతు జాగ్రత్త," అని మాత్రం అనగలిగింది. మింగలేక, కక్కలేక ఇంటికి వచ్చేసింది.

విడుదలకు ముందరి ఆదివారం రిహార్సల్. పాట సాగింది, వాయిద్యాలు ఆగాయి, సింగర్ నోరు తెరిచాడు. గాలి వచ్చింది, గొంతు రాలేదు. రెండోసారి బొంగురుగా ఏదో వచ్చి తెగిపోయింది. మూడోసారికి అతను మైకు వదిలేసి మెడ పట్టుకున్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సుత్తి డ్రమ్స్ వెనకనుంచి లేవబోతే చేత్తోనే వద్దని ఆపి, తలుపు తీసుకుని ఇవతలి గదిలోకి వచ్చాడు.

"ఆ టేక్ పెట్టండి. ఎలా పట్టుకున్నానో వింటాను."

"తర్వాత విందురుగాని," అన్నాడు తమ్ముడు లోపలికొస్తూ. "ముందు వేడినీళ్లు తాగండి సింగర్ గారూ."

"ఇప్పుడే. మిగతావన్నీ తీసేసి గొంతొక్కటే పెట్టండి."

అక్క చెయ్యి కదల్లేదు. సింగర్ ఆమె వైపు చూశాడు. ఆ చూపు తప్పించుకునే దారి ఆ గదిలో లేదు. ఆమె మిగతా ట్రాకులు ఒక్కొక్కటే ఆపేసింది. గొంతు ఒక్కటే మిగిలింది.

కేక గదంతా నిండి ఆగిపోయింది.

"మళ్లీ," అన్నాడు సింగర్. కళ్లు మూసుకుని విన్నాడు. "మళ్లీ."

మూడోసారి అయ్యాక కళ్లు తెరిచాడు. "ఊపిరేది?"

సింగర్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"కేకకు ముందు మనిషి ఊపిరి పీలుస్తాడు. అది లేనిదే కేక లేదు. ఇందులో ఊపిరి లేదు. కోసేశారా?"

"కొయ్యలేదు," అంది అక్క.

"మరి?"

"అసలు లేదు. మిషన్ పుట్టించింది. మీ పాత టేపులు పెట్టి నేనే చేశాను."

అతను కన్సోల్ వైపు నుంచి ఆమె వైపు తిరిగాడు. "నువ్వా?" అన్నాడు. ఇన్నేళ్ల తర్వాత వచ్చిన ఆ 'నువ్వు' చెంపదెబ్బలా తగిలింది. "వీడు చేశాడంటే అర్థం చేసుకుంటాను. నువ్వా?"

"నేనే చెయ్యమన్నా," అన్నాడు తమ్ముడు. "అక్కనేం అనకు. నీకు రాదు, బావా! రావట్లేదు! ఆ సంగతి నీ మొహం మీద ఎవడు చెప్తాడు? చెప్తే నువ్వుంటావా? ఆ రోజు ఉన్నావా?"

నోరు జారి బావా అన్నాడని వాడికే ఆలస్యంగా తెలిసింది. మొహం తిప్పుకున్నాడు. తలుపు దగ్గర సుత్తి నిలబడి ఉన్నాడు. "అంటే నేను ఏడ్చింది మిషన్ని చూసా?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు, వాడూ నవ్వించడానికి అనలేదు.

సింగర్ కారు తాళాలు తీసుకున్నాడు. గడప దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండా, "ప్రోగ్రాంకి వస్తాను," అని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు.

ప్రోగ్రాం సాయంత్రం హాలు కిటకిటలాడింది. బట్టతలల వాళ్లు బిగుతైపోయిన పాత నల్ల చొక్కాలు వేసుకుని వచ్చారు. వాళ్ల పక్కనే వాళ్ల పిల్లలు. హాలు చివర సౌండ్ బల్ల దగ్గర అక్క. ఎదురుగా ల్యాప్‌టాప్. అందులో కేక సిద్ధంగా ఉంది.

"ఆయన నోరు తెరవగానే నువ్వు నొక్కు," అన్నాడు తమ్ముడు ఆమె చెవిలో. "కంపెనీ అతనికి కూడా చెప్పాను. వాళ్లకు అభ్యంతరం లేదట. చాలామంది అంతేనట."

"పాడే మనిషికి చెప్పావా?"

"వచ్చాక చెప్పాను. విన్నాడు. ఔననలేదు, కాదనలేదు."

అక్క సింగర్ కోసం స్టేజీ పక్కకు చూసింది. అతను నల్ల చొక్కా గుండీలు పెట్టుకుంటూ నిలబడి ఉన్నాడు. కాస్త పక్కనే వెనక తలుపు, బార్లా తెరిచి ఉంది. ఎవరో సామాను మోసేవాళ్లు తెరిచి వదిలేశారు. తమ్ముడు కూడా ఆ తలుపే చూస్తున్నాడని అక్కకు తెలిసిపోయింది.

పాట మొదలైంది. సుత్తి దెబ్బకు నేల అదిరింది. తమ్ముడి వేళ్లు తీగల మీద పరిగెత్తాయి. టైల్స్ షోరూం అంతా వాడి ఒంట్లోంచి రాలిపోయింది. సింగర్ గొంతు కింది స్థాయిలో గరుగ్గా, బరువుగా ఉంది. జనం ఊగుతున్నారు. అక్క వేలు మీట మీద ఉంది. ఇంకో వరస. ఇంకొక్క వరస.

వాయిద్యాలు ఆగాయి.

సింగర్ నోరు తెరవలేదు. మైకు కిందికి దించి, అంతమంది తలల మీదుగా హాలు చివర ఉన్న బల్ల వైపు చూశాడు. నొక్కమంటున్నాడా, వద్దంటున్నాడా? లైట్ల వెలుగులో ఆ మొహంలో ఏదీ తెలియడం లేదు. నిశ్శబ్దం సాగింది. ముందు వరసలో ఎవరో గుసగుసలాడారు. తమ్ముడి మొహం సున్నం కొట్టినట్టు తెల్లబోయింది. అక్కను చూశాడు. తెరిచి ఉన్న తలుపును చూశాడు. గిటార్ మెడ పట్టుకున్న చెయ్యి జారుతోంది.

అప్పుడు సుత్తి, ఎవరూ చెప్పకుండానే, మళ్లీ మొదట్నుంచి ఆ వరస ఎత్తుకున్నాడు. ఇంకో చుట్టు తిప్పాడు. తమ్ముడు తడబడుతూ అందుకున్నాడు. ఆ చుట్టు పూర్తయ్యేలోపు అక్క ఒక పని చేసింది. మీట మీదనుంచి వేలు తీసింది. ల్యాప్‌టాప్ మూత దించేసింది.

స్టేజీ మీదనుంచి సింగరూ తమ్ముడూ ఇద్దరూ చూశారు.

వాయిద్యాలు మళ్లీ ఆగాయి. సింగర్ మైకు దగ్గరికి తెచ్చుకుని ఊపిరి పీల్చాడు. ఆ ఊపిరి స్పీకర్లలో హాలంతా వినబడింది.

కేక లేచింది. సగం దాకా వెళ్లి, పాత చోటుకు చాలా కిందనే, చీలిపోయింది. చీలినా అతను ఆపలేదు. ముందుకు వంగిపోయి, రేకును నేల మీద ఈడ్చినట్టు ఆ చీలిన గొంతునే చివరికంటా లాగాడు. వినడానికి అందంగా లేదు. ఎవరో వెనక కిసుక్కున నవ్వారు. ఎవరో ఈల వేశారు. చాలామంది చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక చేతులు గాల్లో ఉంచారు.

అతను మోకాళ్ల మీద చేతులానించి నిటారయ్యాడు. "నాది ఇంతే ఉంది," అన్నాడు మైకులో, మాట మాటకీ రొప్పుతూ. "రికార్డులో ఇంతకంటే ఎత్తు వినబడితే, అది నేను కాదు."

కంపెనీ యువకుడు సౌండ్ బల్ల దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "మేడమ్, మైకు ఆపండి! మేడమ్!" అక్క కదల్లేదు.

ఇప్పుడు మళ్లీ అందుకోవాల్సింది గిటారు. తమ్ముడు విగ్రహంలా నిలబడి ఉన్నాడు. సింగర్ అతని వైపు తిరిగాడు. తలుపు వైపు కాకుండా, అతని వైపు. పక్కకు వెళ్లి భుజానికి భుజం దగ్గరగా నిలబడ్డాడు. సుత్తి పుల్లలు ఒకదానికొకటి కొట్టి లెక్కపెట్టాడు. తమ్ముడు ఒక దెబ్బ ఆలస్యంగా అందుకున్నాడు. పాట చివరికంటా సాగింది.

ఆ తర్వాత అన్నీ చక్కబడ్డాయని చెప్పలేం. తమ్ముడు గిటార్ పెట్టెలో పెట్టుకుని ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయాడు. నెట్లో కొందరు ఆ కేకకు "తాతయ్య దగ్గు" అని పేరు పెట్టారు. కొందరు రాత్రంతా అదే విన్నామని రాశారు. సింగర్ గొంతు వాచిపోయింది. చాలా రోజులు డ్రైవింగ్ స్కూల్లో సైగలతోనే పాఠాలు చెప్పాడు. మాట పోలేదు, అదే పదివేలు. కంపెనీ మాత్రం ఆ రాత్రి విడుదల ఆపేసి, మిషన్ కేకతోనే వేస్తామంది, లేకపోతే వద్దంది. ఆ కబురు వచ్చిన పూటే అక్క అయితే వద్దులెమ్మని చెప్పి, మిషన్ పుట్టించిన కేకను కంప్యూటర్లోంచి తీసేసింది. తీసే ముందు ఒక్కసారి వినాలనిపించింది. వినలేదు. తమ్ముడికి ఫోన్ చేసి చెబితే, అవతలివైపు ఫోన్ పెట్టేసిన చప్పుడే జవాబు.

కూతురు తండ్రికి కషాయాలు మాని డాక్టరు మాట వినమని చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. అక్క రెండుమూడుసార్లు వెళ్లి చూసొచ్చింది. "నేను నా కోసం చేసుకున్నాను," అందోసారి. "వాడు అడిగాడు, నిజమే. కానీ నాకది మళ్లీ వినాలనిపించింది."

అతను కాగితం మీద రాసి చూపించాడు: "నాకు కూడా."

వానలు తగ్గాక ఒక ఆదివారం సింగర్ మళ్లీ స్టూడియోకొచ్చాడు. సుత్తి వచ్చాడు. గిటారు లేకుండా ఏం చేస్తాం అని ముగ్గురూ టీ తాగుతూ కూర్చుంటే, మెట్ల మీద బరువైన పెట్టె ఈడుస్తున్న చప్పుడైంది. తమ్ముడు తలుపు భుజంతో తోసుకుని లోపలికొచ్చాడు. ఎవరినీ పలకరించలేదు. పెట్టె తెరిచాడు, గిటార్ తీశాడు, తీగలు ఒక్కొక్కటే వదులు చేస్తూ శ్రుతి బాగా కిందికి దించాడు.

"ఇంత కింద వాయిస్తే నా పాట నా పాటలా ఉండదు," అన్నాడు గోడతో చెప్పినట్టు.

"ఉండదు," అన్నాడు సింగర్.

"బురదలో నడిచినట్టుంటుంది."

"ఉంటుంది."

"నీ గొంతుకు కుదురుతుంది కదా అని నేను మెచ్చుకుంటానని అనుకోవద్దు. నేనింకా కోపంగానే ఉన్నాను."

"ఉండు," అన్నాడు సింగర్. "కోపంగానే వాయించు. పాటకదే కావాలి."

సుత్తి పుల్లలు అందుకున్నాడు. అక్క టీ గ్లాసు పక్కన పెట్టి అద్దానికి ఇవతల తన కుర్చీలోకి వెళ్లి కూర్చుంది. మొదటి వరసకే తమ్ముడు ఆపేశాడు. వేగం ఎక్కువైందన్నాడు. సింగర్ కాదన్నాడు. సుత్తి ఇద్దరిదీ తప్పేనన్నాడు. ముగ్గురూ ఒకేసారి అరుచుకుంటున్నారు. అక్క వాళ్లను ఆపలేదు. రికార్డింగు మీట నొక్కి, టేపు తిరగనిచ్చింది.